ఇయ్యాల రేటెంత

మనామాల వాన పడ్డ బేస్తారం.
జుఫైర్ రోడ్డు మొత్తం నీళ్లు,
కారు అరగంట కదల్లే.
గప్పుడు మొదటిసారి నోరిప్పిండు
వెనక సీట్ల కూసునే అర్వో కూస్నియెమి సారు.

నాలుగు నెలల సంది తోల్తున్న గాయన్ని.
ఏడింటికి హోటల్ కాడ,
రెండున్నరకు మంత్రిగారి ఆఫీసు కాడ.
నా కార్డు మీద పేరు సదివి "గంగరాయం" అంటడు.
వాళ్ల భాషల 'జ' అని రాస్తే 'య' అని పలుకుతరంట.
నేను సరిజెయ్యలే.
కంపెనీ కాగితాలల్లనే
నా పేరు మూడు తీర్ల ఉన్నది.

కాగితం మిల్లు ఊర్ల పుట్టిండంట సారు.
కాగితం ధర ఎందుకు లేస్తదో, ఎందుకు పడ్తదో
నాలుగొందల కాగితాలు రాసి డాక్టరైండు.
"సూది ఇయ్యరాని డాక్టర్ని" అని
తనే నవ్వి, తనే ఆపిండు.
తర్వాత దేశం పైసకు కావలుండే బ్యాంకుల కొలువు.
వాళ్ల పైస పేరు మార్కా.

"తొంభై రెండు, సెప్టెంబరు, మంగళవారం.
ఇగ పట్టలేక చెయ్యి ఇడిసినం.
మార్కా పడిపోయింది."
సచ్చిపోయిన చుట్టం ముచ్చట లెక్క జెప్పిండు.

నాకు నోరాగలే.
"సార్, సల్మాబాద్ క్యాంపుల
రూపాయి పడితే మేం మిఠాయి తెస్తం.
దినారుకు రెండొందల పది దాటిన్నాడు
ఎక్స్చేంజి కాడ లైను గల్లీ మలుపు దాక ఉంటది.
పడేది మా రూపాయే,
పండుగ మాదే.
నూనె పాకీటు పిరమైందని
మా ఆమె ఫోన్ల తిట్టినంక గని యాదికి రాదు."

అద్దంల నన్ను చాన సేపు చూసిండు.
చిన్న పుస్తకం తీసి ఏందో రాసుకున్నడు.
నా మాట రాసుకున్నోడు
గీ దేశంల గాయనొక్కడే, పోలీసులు గాక.

వాన ఎక్కువైంది. ముచ్చట గూడ.
నీలిరంగు పార్టీ వాళ్లొచ్చి
నీ లెక్కలు మాకు గావాలన్నరంట.
మంచుల గుడారమేసి, పెద్ద గిన్నెల బఠానీ చారు కాసి
ఓట్లడిగిండు డాక్టరు సారు.
ఒక ముసలామె రెండు గిన్నెలు తాగి
"చారు మంచిగుంది, ఓటు మాత్రం నీకెయ్య" అన్నదంట.
అయినా గెలిచిండు. మూడేండ్లు ఖజానా మంత్రి.
"నేను ఎప్పుడు జెప్పింది ఒక్కటే, గంగరాయం.
దుప్పటి ఎంతనో కాళ్లు అంతనే సాపాలె."
మా అవ్వ గదే అంటది సార్,
ఏ పార్టీల లేకుండనే.

గా మూడో ఏడు మిల్లు మూతపడ్డది.
పని పోయినోళ్లకు సర్కారిచ్చే పైసలు
అప్పటికే కోసిండు, తన చేత్తోనే, పచ్చ సిరా పెన్నుతోని.
లిస్టుల తమ్ముడున్నడు.
తర్వాత ఎలక్షన్ల పదకొండు ఓట్లతోని ఓడిండు.

"తమ్ముడు మీకేసిండా సార్?"

వైపర్ అటు పోయింది, ఇటొచ్చింది.
"లెక్క ప్రకారం ఎయ్యొద్దు" అన్నడు.

గిప్పుడు ఈడ కొలువు,
పెట్రోలు మీద, కరెంటు మీద సర్కారు భరించేది
ఎంత తగ్గియ్యాల్నో జెప్పుడు.
ఓట్లు అడిగే పని లేదు, చారు కాసే పని లేదు.
నిద్ర మాత్రం పడ్తలేదంట.
నీళ్లు తీసినయ్. గేరేసిన.

పోయే రోజు ఎయిర్‌పోర్టుల
పాత మార్కా నోటొకటి చేతుల పెట్టిండు.
"అర్వో అంటే మా భాషల విలువ" అన్నడు.
ఏం సమజ్ జేసుకోవాల్నో తెల్వలే,
సామాను దించిన.

శుక్రవారం ఎక్స్చేంజికి పోయిన.
కౌంటర్ల మలయాళం పిల్ల నోటును
వెలుతురుకు పెట్టి చూసింది, తిప్పి చూసింది,
"యాడ దొరికింది అన్నా? ఇది నడువది" అన్నది.
తెలుసన్న. అయినా ఒకపారి అడగాలనిపించింది.
ఇయ్యాల రేటెంత?
"రెండొందల ఇరువై ఒకటి. మల్ల పెరిగింది."

నా వెనక లైన్ల ఎవడో ఈల కొట్టిండు.
నోటు జేబుల పెట్టుకొని
ఎనుబై దినార్లు లెక్కవెట్టి
పంపుమన్న.